పత్తి చేలో మిత్ర పురుగులు – ఆసుపత్రికి వాటితో ఏమి పని?



ఈ పత్రికలో మేము మామూలుగా రక్తహీనత గురించో, కాన్పు జాగ్రత్తల గురించో, చక్కెర వ్యాధి, క్షయ మందుల గురించో రాస్తుంటాము. ఈసారి పురుగుల గురించి రాస్తున్నాము. అవి ఇంట్లో కుట్టే దోమలూ కావు, వంటింట్లో వాలే ఈగలూ కావు. పత్తి చేలో తిరిగే పురుగులు. "సిస్టర్లకు సేద్యంతో పనేమిటి?" అని కొందరు అడగవచ్చు. పని ఉంది. చేలో ఏ పురుగు బతికింది, ఏది చచ్చింది అన్న దాన్ని బట్టే రైతు ఎన్నిసార్లు మందు కొట్టాలో తేలుతుంది. ఎన్నిసార్లు మందు కొట్టారన్న దాన్ని బట్టే ఇంట్లో ఎన్ని డబ్బాలు నిలవ ఉంటాయో తేలుతుంది. ఆ డబ్బాలు ఎక్కడికి దారి తీస్తాయో మా క్యాజువాలిటీలో పనిచేసే ప్రతి సిస్టరుకూ తెలుసు.

ఒక లెక్క చూడండి. వరంగల్ ప్రభుత్వ ఆసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు ఆరేళ్లలో పురుగుమందు విషంతో చేరినవారు 8,040 మంది. వారిలో నూటికి 22 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది కావాలని తాగినవారే. మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ అనే రెండు మందులే అధిక భాగానికి కారణం. రెండూ ఆనాటి పత్తి చేలలో విరివిగా కొట్టినవే. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిషేధించింది. కాని ఒక డబ్బా పోతే ఇంకో డబ్బా వస్తున్నది.

మిత్రులెవరు?

చేలో కనబడే ప్రతి పురుగూ శత్రువు కాదు. ఎర్రటి వీపు మీద నల్ల చుక్కలుండే అక్షింతల పురుగు పేనుబంకను తింటుంది. దాని పిల్ల పురుగు చూడటానికి వికారంగా, నల్లగా, ముళ్లు ముళ్లుగా ఉంటుంది కాబట్టి చాలామంది అది హాని చేసేదనుకుని నలిపేస్తారు. నిజానికి ఆ పిల్ల పురుగు కూడా రోజుకు పదుల కొద్దీ పేనులను తింటుంది. ఆకుపచ్చ అల్లిక రెక్కల పురుగు, సాలీడు, కందిరీగలు, తూనీగలు కూడా మన పక్షమే. ట్రైకోగ్రామా అనే కందిరీగ జాతి పురుగు మిల్లీమీటరు కూడా ఉండదు. అది శత్రు పురుగు గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది. కాయతొలుచు పురుగు పుట్టకముందే దాని కథ ముగుస్తుంది. ఇక తేనెటీగల సంగతి చెప్పనక్కర లేదు. సొర, బీర, దోస, పొద్దుతిరుగుడు కాపు పట్టాలంటే అవి పువ్వు మీద వాలాల్సిందే.

మనిషి పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులు ఉన్నట్టే చేలో ఈ పురుగులు ఉంటాయి. అవసరం లేని యాంటీబయాటిక్ వాడితే పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి విరేచనాలు పట్టుకున్నట్టే, అవసరం లేని మందు కొడితే చేలో మిత్ర పురుగులు పోయి శత్రు పురుగులు రెట్టింపుగా వస్తాయి. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు అవుతుంది.

బీటీ విత్తనం వాటిని చంపుతుందా?

బీటీ అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే మట్టి సూక్ష్మజీవి. 1901లో జపాన్‌లో ఇషివాతా అనే శాస్త్రవేత్త జబ్బుపడిన పట్టుపురుగుల్లో దీన్ని మొదట గుర్తించాడు. దీని జన్యువును పత్తిలో పెట్టగా మొక్క తానే ఆ ప్రోటీనును తయారు చేస్తుంది. గొంగళి పురుగు ఆకునో కాయనో కొరికినప్పుడు ఆ ప్రోటీను దాని క్షార గుణం గల పేగులో కరిగి, పేగు గోడకు అతుక్కుని, చిల్లులు పెడుతుంది. పురుగు తిండి మాని రెండు మూడు రోజుల్లో చస్తుంది. ఆ ప్రోటీను అతుక్కునే చోటు తేనెటీగ పేగులో గాని, అక్షింతల పురుగు పేగులో గాని, మనిషి పేగులో గాని లేదు. అందుచేత మామూలు పురుగుమందులాగా ఇది కంటబడినవన్నిటినీ చంపదు.

దీని మీద లోకంలో పెద్ద వాదమే నడిచింది. 1999లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు బీటీ మొక్కజొన్న పుప్పొడి చల్లిన ఆకులను మోనార్క్ సీతాకోకచిలుక పిల్లలకు తినిపిస్తే నాలుగు రోజుల్లో నూటికి 44 చనిపోయాయి. అందరూ భయపడ్డారు. తరువాత పొలాల్లోకి దిగి కొలిచి చూస్తే, అంత పుప్పొడి ఆకుల మీద పడటం అరుదని, అప్పటికి సాగులో ఉన్న ఎక్కువ రకాలతో ప్రమాదం బహు స్వల్పమని 2001లో తేలింది. బాగా విషపూరితమైన పుప్పొడి గల ఒక రకం మటుకు మార్కెట్టు నుంచి పోయింది. అల్లిక రెక్కల పురుగు మీద 1998లో స్విట్జర్లాండ్‌లో వచ్చిన భయం కూడా ఇటువంటిదే. బీటీ తిని జబ్బుపడిన గొంగళి పురుగులను ఆహారంగా పెట్టడం వల్లనే అది నీరసించిందని, ఆ ప్రోటీను నేరుగా దానికి విషం కాదని తరువాతి ప్రయోగాలు చూపాయి.

2007లో 'సైన్స్' పత్రికలో 42 పొలం ప్రయోగాలను కలిపి చూసిన ఒక వ్యాసం వచ్చింది. అందులోని మాట మనకు ముఖ్యం. మందులు కొట్టిన మామూలు పత్తి కంటే బీటీ పత్తిలో మేలు చేసే పురుగులు ఎక్కువగా ఉన్నాయి. కాని మందులే కొట్టని మామూలు పత్తితో పోలిస్తే బీటీ పత్తిలో కొన్ని జాతులు తక్కువగా ఉన్నాయి. అంటే మిత్ర పురుగులకు పెద్ద శత్రువు డబ్బాలోని మందు. బీటీ విత్తనం మేలు చేసిందా లేదా అన్నది, దానివల్ల ఆ డబ్బా పక్కకు పోయిందా లేదా అన్న దాని మీద ఆధారపడి ఉంది. చైనాలో 36 చోట్ల 1990 నుంచి 2010 వరకు లెక్క తీస్తే, బీటీ పత్తి వచ్చి మందు తగ్గిన చోట అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, సాలీళ్లు పెరిగాయి, పేనుబంక తగ్గింది. పక్కనున్న మొక్కజొన్న, వేరుశనగ, సోయా చేలకు కూడా ఆ మేలు అందింది. అదే చైనాలో, అదే మందు తగ్గడం వల్ల మిరిడ్ నల్లులు పెరిగి కొత్త తెగులుగా మారాయి. రెండూ నిజమే.

మన చేలలో ఏమి జరిగింది?

మన దేశంలో బీటీ పత్తికి 2002 మార్చిలో అనుమతి వచ్చింది. 2006లో రెండు జన్యువుల రకం వచ్చింది. ఈనాడు పత్తి విస్తీర్ణంలో నూటికి 90కి పైగా బీటీయే. తొలి ఏళ్లలో కాయతొలుచు పురుగుకు మందు కొట్టడం బాగా తగ్గింది. అది నిజమైన మేలు. దానిని కాదనడం న్యాయం కాదు.

కాని ఆ మేలు నిలవలేదు. బీటీ గొంగళి పురుగులను మాత్రమే ఆపుతుంది. పచ్చదోమ, తెల్లదోమ, తామర పురుగులు, పేనుబంక వంటి రసం పీల్చే పురుగులను అది తాకదు. వాటికోసం విత్తనానికే ఇమిడాక్లోప్రిడ్ వంటి మందు పూసి అమ్మారు. తరువాత ఆకుల మీదా కొట్టారు. ఈ తరగతి మందులు తేనెటీగలకు హాని చేస్తాయనే 2018లో యూరప్ దేశాలు వాటిలో మూడింటిని ఆరుబయట పంటలపై వాడకుండా నిషేధించాయి. అటుపైన గులాబీ రంగు పురుగు వచ్చింది. 2010 నాటికి గుజరాత్‌లో మొదటి జన్యువును తట్టుకున్నది. కొద్ది ఏళ్లకు రెండో దాన్నీ తట్టుకున్నది. గుడ్డి పూలు, లోపల తొలిచిన కాయలు మన రెండు రాష్ట్రాల రైతులూ చూశారు. కేశవ్ క్రాంతి, గ్లెన్ డేవిస్ స్టోన్ 2020లో 'నేచర్ ప్లాంట్స్' పత్రికలో రాసినదాని ప్రకారం, భారత పత్తి రైతు బీటీ రాకముందు కంటే ఇప్పుడు పురుగుమందుల మీద ఎక్కువ ఖర్చు పెడుతున్నాడు. ఈ లెక్కతో విభేదించే పండితులూ ఉన్నారు. కాని మందుల దుకాణాలు మూతపడలేదన్నది మనమందరమూ చూస్తున్నదే.

ఎందుకిలా జరిగింది? ఆసుపత్రిలో పనిచేసే మాకు ఇది కొత్త కథ కాదు. ఒకే యాంటీబయాటిక్‌ను అందరికీ, అన్నిటికీ, అన్ని కాలాల్లో వాడితే సూక్ష్మజీవి మొండికేస్తుంది. చేలోనూ అంతే. బీటీ విత్తనం సంచితో పాటు 120 గ్రాముల బీటీ కాని విత్తనం ప్యాకెట్టు ఇచ్చేవారు. చేను చుట్టూ వరుసలుగా దాన్ని వేస్తే అక్కడ మొండికేయని పురుగులు పెరిగి, మొండి పురుగులతో జతకట్టి, మొండితనం వ్యాపించకుండా చేస్తాయి. మిత్ర పురుగులకూ అక్కడ తిండి దొరుకుతుంది. ఆ చిన్న ప్యాకెట్టును ఎంతమంది వేశారు? చాలా చోట్ల అది గట్టు మీదే పడిపోయింది. రైతును నిందించడం సులువు. ఆ ప్యాకెట్టు ఎందుకిచ్చారో అతని భాషలో అతనికి చెప్పినవారు తక్కువ. యాంటీబయాటిక్ చీటీ రాసి, కోర్సు పూర్తి చేయాలని చెప్పకుండా పంపించడం వంటిదది.

అమెరికాలో ఇదే బీటీ పత్తితో పాటు గొడ్డు పురుగులను వదలడం, లింగాకర్షక బుట్టలు, పంట కాగానే మోళ్లను దున్నివేయడం వంటి పనులన్నీ కలిపి చేశారు. 2018లో తమ పత్తి ప్రాంతంలో గులాబీ పురుగు లేదని ప్రకటించుకున్నారు. విత్తనం ఒకే గుణం గలదే, నడిపిన తీరు వేరు.

పిండినల్లి చెప్పిన పాఠం

2006 నుంచి రెండు మూడేళ్లు పిండినల్లి పత్తిని పీడించింది. తెల్లటి మైనపు పొడి కప్పుకుని ఉంటుంది కాబట్టి మందు దానికి సరిగా అంటదు. రైతులు మందు మీద మందు కొట్టారు. 2008లో శాస్త్రవేత్తలు గమనించినదేమిటంటే, ఈనాసియస్ అనే బుల్లి కందిరీగ తనంతట తానే వచ్చి పిండినల్లి ఒంట్లో గుడ్లు పెట్టి దాన్ని లోపలి నుంచి తినేస్తున్నది. ఎవరూ కొని తేలేదు, ఎవరూ బిల్లు వేయలేదు. మందు ఆపిన చేలలో ఈ కందిరీగ నిలదొక్కుకున్నది, పిండినల్లి అదుపులోకి వచ్చింది. డబ్బా మూత తీయకముందు ఒక్క నాలుగు రోజులు ఆగి చూస్తే ఎంత మేలో ఇది చెబుతుంది.

గడ్డిమందు విత్తనం – ఇంకా పెద్ద ప్రమాదం

ఇప్పుడు గడ్డిమందును తట్టుకునే పత్తి విత్తనం దొంగచాటుగా అమ్ముడవుతున్నది. దీనికి అనుమతి లేదు. అయినా 2017లో మన చేలలో ఇది బయటపడింది. గ్లైఫోసేట్ కొడితే పత్తి బతుకుతుంది, మిగిలిన పచ్చదనమంతా మాడిపోతుంది. కూలి ఖర్చు కలిసొస్తుందని రైతు ఆశ. ఆ ఆశను మేము తక్కువ చేయము. కలుపు కూలీ భారం మాకూ తెలుసు.

కాని పోయేదేమిటో చూడండి. అమెరికాలో మోనార్క్ సీతాకోకచిలుకకు అసలు దెబ్బ బీటీ పుప్పొడి వల్ల తగలలేదు, ఇటువంటి గడ్డిమందు పంటల వల్ల తగిలింది. దాని పిల్లలు తినేది పాల మొక్క ఒక్కటే. అది మన జిల్లేడు కుటుంబానిది. అమెరికా మధ్య పశ్చిమ ప్రాంతంలో 1999 నుంచి 2010 మధ్య ఆ మొక్కలు నూటికి 58 వంతులు తగ్గాయని లెక్క. మన జిల్లేడు మీద బతికే నారింజ రంగు సీతాకోకచిలుక ఆ మోనార్క్‌కు దగ్గరి చుట్టమే.

మన చేలో కలుపు అంటే ఒట్టి కలుపు కాదు. బతుకమ్మలో పేర్చే గునుగు చేలో మొలిచేదే. తుమ్మి పూల మీద తేనెటీగలు వాలతాయి. గంగవాయిలి కూర, పొనగంటి కూర, అడవి తోటకూర కలుపు తీసే తల్లులు ఒడిలో వేసుకుని ఇంటికి తెచ్చేవే. గర్భిణులకు ఆకుకూరలు తినండని మేము ప్రతి గురువారం చెబుతాము. అమ్మా, ఆ కూర కొనకుండా దొరికే చోటు ఆ చేనే. దాని మీద గడ్డిమందు పడితే తేనెటీగ తిండీ పోతుంది, తల్లి తిండీ పోతుంది. ఇంకొక మాట. పారాక్వాట్ అనే గడ్డిమందు ఒక్క గుక్క లోపలికి పోతే దానికి విరుగుడు లేదు. గడ్డిమందుల వాడకం పెరిగే కొద్దీ ఇటువంటి డబ్బాలు ఇళ్లలోకి చేరుతాయి.

మా అభిప్రాయం

జన్యుమార్పిడి పంట అనగానే విషమనేవారితోనూ, వరమనేవారితోనూ మేము ఏకీభవించము. ప్రతి కొత్త విత్తనాన్నీ మూడు ప్రశ్నలతో కొలవాలంటాము. దీనివల్ల మందు కొట్టడం తగ్గుతుందా? తగ్గితే ఎన్నేళ్లు? మిత్ర పురుగుల మీద పరీక్ష విత్తనం అమ్మకముందు జరిగిందా?

ఈ మూడో ప్రశ్న చిన్నది కాదు. వంకాయలో బీటీని 2010 ఫిబ్రవరి 9న కేంద్రం ఆపింది. హైదరాబాద్‌తో సహా ఏడు నగరాలలో జనం మాట విన్న తరువాతే ఆ నిర్ణయం జరిగింది. కాని 2022 అక్టోబరులో జన్యుమార్పిడి ఆవాలకు సిఫారసు చేసినప్పుడు, తేనెటీగల మీద మన దేశపు పరీక్షలు పంటను వదిలిన తరువాత చేయండన్నారు. ఆవ పువ్వు అంటేనే తేనెటీగల విందు. మందును రోగికి ఎక్కించి, ఆ తరువాత పడుతుందా లేదా అని పరీక్ష చేస్తే ఏ ఆసుపత్రి ఒప్పుకుంటుంది? 2024 జూలైలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ దీనిపై భిన్నమైన తీర్పులిచ్చారు. తీర్పు ఎటైనా, పరీక్ష ముందు, అమ్మకం తరువాత అన్న క్రమం మాత్రం తప్పకూడదు.

మందు లేకుండా పత్తి పండదనేవారికి ఒక సమాధానం మన మధ్యనే ఉంది. ఖమ్మం జిల్లా పునుకుల గ్రామస్థులు 2004 నాటికే తమ ఊరిని పురుగుమందులు లేని ఊరుగా ప్రకటించుకున్నారు. అక్కడ పత్తి మానలేదు, డబ్బా మానారు. వేప కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలతో నెట్టుకొచ్చారు. 2006లో వరంగల్ జిల్లా ఏనబావి అదే బాట పట్టింది.

పత్తి వేసే ఇళ్లకు మా సలహాలు

విత్తిన తొలి రెండు నెలలు వీలైనంత వరకు మందు కొట్టకండి. మిత్ర పురుగులు చేరేది అప్పుడే. చేను చుట్టూ జొన్న, మధ్యలో అలసంద, గట్ల మీద ఆముదం, బంతి వేయండి. పువ్వు విచ్చి తేనెటీగలు తిరిగే పొద్దుటిపూట మందు జోలికి పోవద్దు. పత్తిని వేసవి దాకా చేలో ఉంచితే గులాబీ పురుగుకు ఇల్లు కట్టి ఇచ్చినట్టే. మోళ్లు తీసేయండి.

తప్పక మందు కొట్టాల్సి వస్తే, కలిపేవారు కూడా కొట్టేవారితో సమానంగా ప్రమాదంలో ఉన్నారని గుర్తుంచుకోండి. 2003లో మన రాష్ట్రంలో 50 మంది పత్తి రైతు మహిళలు రాసి ఉంచిన వివరాల్లో ఇదే బయటపడింది. చిక్కటి మందు కలిపి ట్యాంకు నింపేది ఎక్కువగా ఆడవారే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు ఆ దరిదాపులకు పోరాదు. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. వారు తాగినవారు కాదు, పీల్చినవారు.

చెమటలు, చూపు మసక, నోట్లో నురగ, వాంతి, ఆయాసం కనబడితే వెంటనే చేను నుంచి బయటికి తెచ్చి, బట్టలు విప్పి, సబ్బు నీళ్లతో ఒళ్లంతా కడగండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించకండి, పాలు పోయకండి. 108కి ఫోను చేయండి. డబ్బాను తప్పక వెంట తీసుకురండి. ఏ మందో తెలిస్తేనే ఏ విరుగుడో తెలుస్తుంది. ఒకటి రెండు రోజులకు తేరుకున్నారని ఇంటికి తీసుకుపోతామని బలవంతం చేయకండి. కొన్ని మందులకు ఒకటి నుంచి నాలుగో రోజు మధ్య ఊపిరి కండరాలు ఉన్నట్టుండి చచ్చుబడతాయి. ఇంట్లో మిగిలిన మందుకు తాళం వేయండి. అసలు మిగిలేటంత కొనకుండా ఉండటం అంతకంటే మేలు.

మా దగ్గర అట్రోపిన్ ఉంది, ఆక్సిజన్ ఉంది, రాత్రంతా మేలుకునే సిస్టర్లు ఉన్నారు. అవన్నీ విషం ఒంట్లోకి పోయిన తరువాతి సంగతులు. దానికి ముందు కాపలా కాసేవి చేలో ఉన్నాయి. ఈ వానాకాలం డబ్బా మూత తీసేముందు ఒకసారి ఆకు తిప్పి చూడండి. అక్కడ అక్షింతల పురుగు కనబడితే ఆ రోజుకు మందు మానుకుని ఇంటికి పొండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్